ఒకే బోర్డు, ఇరవై ఏడు ఫోటోలు

"బోర్డు చాలా అందంగా ఉంది. ఈ క్లాసులో పిల్లలెవరైనా ఉన్నారా?"

మికురియ సెత్సుకో పెట్టిన పేజీ కింద ప్రొఫెసర్ నివా రాసిన వ్యాఖ్య అంతే. సెత్సుకో దాన్ని నాలుగుసార్లు చదివింది. మొదటి వాక్యం మెచ్చుకోలే, అందులో అనుమానం లేదు. రెండోది ఏమిటో అంతుపట్టలేదు. పిల్లలు లేకపోవడమేమిటి? ఐదో తరగతి, ఇరవై ఎనిమిది మంది. పేజీ మొదటి లైనులోనే రాసింది కదా.

సెత్సుకోకి నలభై మూడేళ్ళు. షిమానే తీరంలో ఒక చేపల ఊరి బడిలో పంతొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతోంది. జిల్లా విద్యాశాఖ ఆమెను ఉపాధ్యాయుల పై చదువుకి పంపింది. మొదటి ఏడాది పూర్తిగా విశ్వవిద్యాలయంలోనే. రెండో ఏడాది బడికి తిరిగొచ్చి పాఠాలు చెప్పుకుంటూ, శుక్రవారం ఒక్కరోజు రైలెక్కి వెళ్ళి రావాలి. చివర పరీక్ష ఉండదు. రెండేళ్ళ పనంతా ఒక డిజిటల్ పోర్ట్‌ఫోలియోగా పెట్టాలి. పాఠాల ఫోటోలు, పిల్లల రాతలు, వాటి మీద తన ఆలోచన, అన్నీ ఒకచోట, ఎవరైనా తెరిచి చూసేలా. జనవరి ఆఖరి శనివారం దాన్ని నలుగురు పరీక్షకుల ముందు నిలబెట్టాలి. నిలబడకపోతే పట్టా లేదు, మరో ఏడాది గడువూ లేదు. పంపినవాళ్ళకి ఏం చెప్పాలో అప్పుడు ఆలోచించుకోవాలి.

డిసెంబరు వచ్చేసరికి పోర్ట్‌ఫోలియోలో ముప్పై ఒక్క పేజీలున్నాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. అన్నీ చచ్చిన చేపల్లా ఉన్నాయి. "అభ్యాసకుల క్రియాశీలత పెంపొందినట్లు భావింపబడుతున్నది" అని రాసింది ఒకచోట. ఎవరు భావించారు? ఎవరో. పెద్ద పుస్తకాల్లోంచి పెద్ద మాటలు తెచ్చి, వాటి వెనక దాక్కుంది. చదువు గురించి రాసేవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పనే ఇది. కొత్తేమీ కాదు. ఆమెకి ఎవరూ వేరేలా నేర్పలేదు.

శుక్రవారం నివా గదికి వెళ్ళింది. నివాకి అరవై దాటాయి. టేబుల్ మీద కాగితాల గుట్ట వెనకనుంచి తల మాత్రం కనిపించింది.

"కూర్చోండి మికురియ గారూ. ఆ కుర్చీ మీదున్నవి కింద పడేయండి, పర్లేదు. టీ?"

"వద్దండీ. ఆ వ్యాఖ్య గురించి..."

"ఏ వ్యాఖ్య? నేను రోజుకి యాభై రాస్తా."

"పిల్లలెవరైనా ఉన్నారా అని."

"ఆ! అదా. ఉన్నారా మరి?"

"ఇరవై ఎనిమిది మందండీ."

"నాకు ఒక్కరూ కనపళ్ళేదు." నివా తన కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. నవంబరులో చెప్పిన లెక్కల పాఠం, దాని బోర్డు ఫోటో. "ఎడమ పక్క ప్రశ్న. మధ్యలో మూడు పద్ధతులు. కుడి పక్క ఎర్ర సుద్దతో గీసిన డబ్బాలో సూత్రం. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క వంకర అక్షరం లేదు. నలభై అయిదు నిమిషాలు పదేళ్ళ పిల్లల మధ్య నిలబడితే బోర్డు ఇలా ఉంటుందా? నేనూ పదమూడేళ్ళు చెప్పానమ్మా పాఠాలు. నా చొక్కా చేతులు సుద్దలో నానిపోయేవి."

సెత్సుకో చెవులు వేడెక్కాయి.

"పిల్లలు వెళ్ళాక మళ్ళీ రాశాను," అంది.

"ఎంత మేర?"

"కుడి సగం. కాస్త మధ్యలో కూడా."

నివా తిట్టలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ముందుకు వంగింది. చిన్నపిల్ల పెట్టె మూత తీయబోతున్నప్పుడు పెట్టే ముఖం పెట్టింది.

"అక్కడ ఏముండేది?"

సెత్సుకో తెర మీద బోర్డు కుడి సగం వైపు చూసింది. సగమే గుర్తుంది. ఆ సంగతి ఆమెకి అప్పుడే తెలిసింది.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. వాళ్ళ బళ్ళలో బోర్డంటే మాటలా? పాఠం మొదట్నుంచి చివరిదాకా ఒకే బోర్డు మీద ఉండాలి, మధ్యలో తుడవకూడదు. గంట కొట్టేసరికి ఆ బోర్డు చూస్తే పాఠమంతా కనపడాలి. కొత్తగా చేరిన టీచర్లు సాయంత్రాలు ఖాళీ బోర్డు ముందు నిలబడి సాధన చేస్తారు. ఆమె మధ్యలో తుడవలేదు, నిజమే. అయిపోయాక తుడిచింది. బడి పరిశోధన సంచికకి తరగతికొక బోర్డు ఫోటో కావాలని పరిశోధన బాధ్యుడు ఇసోబె అడిగాడు. ఈ ఏడాది సంచిక అంశం "పిల్లల సొంత మాటలతో పాఠం". భోజనాలయ్యాక పిల్లలు ఆటస్థలంలో ఉండగా పావుగంటలో చెరిపి రాసింది. అందరూ చేసే పనే. ఎవరూ బయటికి చెప్పరు, ఎవరూ అడగరు.

కానీ అక్కడ ఏముండేది?

పాఠం గుర్తుంది. కొండ మీద విడిదికి వెళ్ళినప్పటి గదులు. ఒక గదిలో పది చాపలు, ఆరుగురు పిల్లలు. ఇంకో గదిలో ఎనిమిది చాపలు, ఐదుగురు. ఏ గది ఎక్కువ ఇరుకు? ఒక్కో చాపకి ఎంతమంది అని భాగించి చూడాలి. పుస్తకంలో వేరే అంకెలున్నాయి. తమ విడిది గదులైతే పిల్లలకి ఆసక్తిగా ఉంటుందని ఆమె వీటిని పెట్టింది. పాఠం మధ్యలో కోహరు అనే పిల్ల లేచి, భాగించకుండా తీసివేసింది. పదిలోంచి ఆరు పోతే నాలుగు చాపలు మిగిలాయి. ఎనిమిదిలోంచి ఐదు పోతే మూడు. మిగిలినవి ఎక్కడ తక్కువో ఆ గదే ఇరుకు. రెండోది.

పద్ధతి తప్పు. జవాబు ఒప్పు.

అంకెలు ఎంచుకోవడంలో తప్పంతా సెత్సుకోదే. తప్పు పద్ధతికి తప్పు జవాబు వచ్చేలా అంకెలు పెట్టుకోవాలి. ఆ ముందుచూపు లేని టీచరంటే తోటి టీచర్లకి చిన్నచూపు. పాఠం చూడ్డానికొచ్చిన ఏ అనుభవజ్ఞుడైనా దాన్ని మొదటి నిమిషంలో పట్టేస్తాడు. అందుకే ఆ తీసివేతను తుడిచేసింది. దాని తర్వాత కూడా ఏదో జరిగింది. పిల్లలు బోర్డు దగ్గరికి వచ్చారు. గోల. అప్పుడు ఆమె గడియారం చూస్తోంది.

సోమవారం మొదటి గంటలో పిల్లల్ని అడిగింది.

"నవంబరులో గదుల లెక్క చేశాం, గుర్తుందా?"

"ఇరుకు గదులా టీచర్?"

"అదే. ఆ రోజు బోర్డు ఫోటో మీ టాబుల్లో ఉందా? ఉంటే నాకు పంపుతారా?"

సెత్సుకో క్లాసులో ఒక నియమం ఉంది. గంటకి ఒక నిమిషం ముందు, ఒక్కొక్కరు బోర్డుని ఒక్క ఫోటో తీసుకోవచ్చు. ఒక్కటే. ఎన్నైనా తీసుకోనిస్తే టాబులు నిండిపోయి బడి కార్యాలయం నుంచి తాఖీదు వస్తుంది. అందుకని పెట్టిన నియమమే, ఇంకే గొప్ప ఆలోచనా లేదు.

"మీ దగ్గరుంది కదా టీచర్," అన్నాడు ముందు బెంచీలో తైగ. "మెట్ల దగ్గర అంటించారుగా, సంచికలో వచ్చిందని."

"అది మనది కాదురా," అంది వెనకనుంచి ఇంకో పిల్ల. "పక్క క్లాసుది."

"మన గదుల లెక్కేగా మరి?"

"లెక్క మనదే. బోర్డు మనది కాదు. మనది అంత నీటుగా ఎక్కడేడ్చింది?"

క్లాసంతా నవ్వింది. సెత్సుకో కూడా నవ్వింది. నవ్వుతూనే బోర్డు వైపు తిరిగి సుద్దముక్క అందుకుంది.

మధ్యాహ్నానికి ఇరవై ఏడు ఫోటోలు వచ్చాయి. రానిది కోహరుది. వడ్డన వంతు కావడంతో తెల్ల ఏప్రను కట్టుకుని సూపు గిన్నెతో పోతోంది. సెత్సుకో ఆపింది.

"నువ్వు తీసుకోలేదా?"

"లేదు టీచర్."

"ఎందుకని?"

కోహరు ఆమెను వింతగా చూసింది. "నేను అడిగినదాన్ని నేనెందుకు ఫోటో తీసుకోవాలి? సూపు చల్లారిపోతుంది టీచర్, పోనా?"

బడి అయిపోయాక ఫోటోలు కాగితాల మీద అచ్చు తీసి, ఖాళీ సైన్సు గదిలో బల్లల మీద పరిచింది. పక్క తరగతి టీచరు ఫుకామి గది వెచ్చబడేలా కిరోసిన్ పొయ్యి వెలిగిస్తానని వచ్చి అక్కడే నిలబడిపోయింది. ఫుకామికి యాభై ఏళ్ళు. ఆమె నోరు ఊరుకోదు.

"ఇదేంటి మికురియ గారూ, దొంగల్ని పట్టుకుంటున్నారా?"

"దొంగని నేనే. చూడండి."

ఇద్దరూ చూశారు. కొన్ని వంకరగా ఉన్నాయి. ఒకదాంట్లో సగం బొటనవేలే. ఒకదాంట్లో ముందు కూర్చున్న పిల్లాడి తల. కానీ అన్నింట్లోనూ ఉన్నది అదే బోర్డు, తుడవకముందుది. కుడి పక్క కింది మూలలో, టీచరు చేతిరాత కాని పెద్ద పెద్ద అక్షరాలున్నాయి. సెత్సుకో కాగితాన్ని కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చదివింది.

*నూరు చాపల గదిలో తొంభై మంది. పన్నెండు చాపల గదిలో ఇద్దరు. రెండింట్లోనూ పదే మిగిలాయి. అయితే రెండూ ఒకే ఇరుకా?????*

"ఎవరిది?" అంది ఫుకామి.

"కోహరుది."

"తీసివేత చేసింది కూడా..."

"తనే. తన పద్ధతిని తనే విరగ్గొట్టుకుంది. నేను చెప్పలేదు. నేనసలు చూడలేదు."

"చూడకుండానే తుడిచారా?"

"చూశానేమో. అర్థం కాకముందే తుడిచాను."

ఫుకామి పొయ్యి సంగతి మర్చిపోయింది. బల్లల చుట్టూ నడుస్తూ కాగితాల్ని అటూ ఇటూ జరపడం మొదలుపెట్టింది. "ఇది చూడండి. దీంట్లో ఆ మూల మాత్రమే ఉంది. ఇదీ అంతే. ఇదీ. దగ్గరికెళ్ళి మరీ తీశారు." కాసేపటికి కాగితాలు నాలుగు గుట్టలయ్యాయి. బోర్డు మొత్తం తీసినవాళ్ళు ఎనిమిది మంది. ఇంటిపని రాసిన చోటే తీసినవాళ్ళు ఐదుగురు. ఎర్ర డబ్బాలోని సూత్రం తీసినవాళ్ళు ముగ్గురు. కోహరు ప్రశ్న ఒక్కటే తీసినవాళ్ళు పదకొండు మంది.

"మీ ఎర్ర డబ్బాకి మూడు ఓట్లే మికురియ గారూ. అంత కష్టపడి స్కేలు పెట్టి గీస్తారు, పాపం."

సెత్సుకో వినడం లేదు. ఒక్క ఫోటోకే అనుమతి ఉన్నప్పుడు పిల్ల ఏది తీసుకుంటుంది? ఎందుకు తీసుకుంటుంది? తనకి అర్థమైనదా, కానిదా? ఇది ఎవరైనా అడిగారా ఎప్పుడైనా? రెండేళ్ళుగా ఇతరుల ప్రశ్నలకి ఇతరుల మాటల్లో జవాబులు రాస్తోంది. తన ప్రశ్న అంటూ ఒకటి దొరకడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది. ఆకలిలా ఉంది.

ఆ వారమంతా పదకొండు మందినీ ఒక్కొక్కరిగా అడిగింది, విరామాల్లో, మెట్ల మీద, చేతులు కడుక్కునే చోట. "నాకు జవాబు తెలీలేదు, అందుకని." "అమ్మని అడుగుదామని. అమ్మకీ తెలీలేదు!" "కోహరు రాసింది కదా, అందుకు." ఒకడు, "ఐదు ప్రశ్న గుర్తులున్నాయని," అన్నాడు. అన్నీ రాసుకుంది. ముప్పై ఒక్క పేజీల్లో ఇరవై తీసేసింది. కొత్త పేజీ మొదలుపెట్టింది. మొదటి వాక్యం కోసం చాలాసేపు కూర్చుని, చివరికి ఉన్నదున్నట్టు రాసింది:

*నవంబరు పన్నెండున పాఠం అయిపోయాక నేను బోర్డు తుడిచి మళ్ళీ రాశాను. పిల్లలు ఆ రోజు అడిగిన అన్నింటికంటే మంచి ప్రశ్న అందులో పోయింది.*

ఆ తర్వాత ఆగలేదు. అంకెల్లో తన తప్పు, కోహరు తీసివేత, నాలుగు గుట్టలు, పదకొండు జవాబులు, అన్నీ వచ్చేశాయి. నివా కింద ఒక్క ముక్క రాసింది: "ఇప్పుడు కనపడుతున్నారు."

కానీ బడి ఫోటోలు బయటి వాళ్ళు చూసేచోట పెట్టాలంటే ప్రధానోపాధ్యాయుడి అనుమతి పత్రం కావాలి. దాని మీద మొదటి ముద్ర పరిశోధన బాధ్యుడిది. ఇసోబె ముద్ర లేకుండా ఆ కాగితం పై టేబుల్‌కి వెళ్ళదు.

ఇసోబె అరవైకి దగ్గర పడ్డవాడు. ఆరో తరగతి చెబుతాడు. ఊళ్ళో ఆయన బోర్డుకి పేరుంది. వేరే బళ్ళనుంచి చూడ్డానికి వస్తారు. సెత్సుకో పేరు పై చదువుకి పంపించింది కూడా ఆయనే. ఆయన పేజీ మొత్తం చదివాడు. ముద్ర పెట్టె మూత తీశాడు, మళ్ళీ మూశాడు.

"మికురియ టీచర్, సంచిక నలభై బళ్ళకి వెళ్ళింది."

"తెలుసండీ."

"అందులో మీ బోర్డుంది. పైన 'పిల్లల సొంత మాటలతో' అని నేనే రాశాను. ఇప్పుడు మీరు అది తుడిచి రాసిందని చెబుతున్నారు."

"నేనే తుడిచానని చెబుతున్నా. బడిని ఏమీ అనలేదు."

"చదివేవాడు అనుకోడా? ఒకామె తుడిస్తే మిగతావాళ్ళు తుడవరా అని?"

"తుడవరా?"

టీచర్ల గదిలో ఒకరిద్దరు తలలెత్తి చూశారు. ఫుకామి తన టేబుల్ దగ్గర లేని కాగితం వెతుకుతోంది.

"అతిథి వస్తే ఇల్లు ఊడుస్తాం," అన్నాడు ఇసోబె. "అది మోసమా?"

"అతిథి రాకముందు ఊడుస్తామండీ. నేను పిల్లలు వెళ్ళిపోయాక ఊడ్చాను. ఇల్లు వాళ్ళది."

"మాటలు నేర్చారు."

"ఆలస్యంగా నేర్చుకున్నా."

"ఆ మొదటి వాక్యం తీసేయండి. ఫోటోలుంచుకోండి, గుట్టలుంచుకోండి. 'సేకరించిన ఫోటోలను పరిశీలించగా' అని మొదలుపెట్టండి. ఇప్పుడే ముద్ర వేస్తా."

సెత్సుకో నిజంగానే ఆలోచించింది. ఆయన చెడ్డవాడు కాదు. పట్టా వస్తుంది. ఎవరికీ నష్టం లేదు. ఒక్క వాక్యం.

"ఆ వాక్యం తీసేస్తే ఫోటోలు ఎందుకు అడిగానో చెప్పలేనండీ," అంది. "నేను తుడవకపోతే ఈ ప్రశ్నే లేదు. తీయలేను."

ఇసోబె కాగితాన్ని తన సొరుగులో పెట్టేశాడు. అప్పటికి గడువు తొమ్మిది రోజులుంది.

ఐదు రోజులు ఆయన ఆ సంగతి ఎత్తలేదు. సెత్సుకో మళ్ళీ అడగలేదు. ఫోటోలు లేని పేజీ ఎలా ఉంటుందో రాసి చూసుకుంది. కుంటిగా ఉంది. అయినా దాన్నే తీసుకెళ్ళడానికి సిద్ధపడింది. మొదటి వాక్యం మాత్రం ముట్టుకోలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం ఇసోబె సైన్సు గదికి వచ్చాడు. చేతిలో అచ్చు తీసిన కాగితాలు.

"ఇవాళ పొద్దున నా పిల్లల్ని ఒక్కొక్క ఫోటో తీసుకోమన్నా," అన్నాడు. "చరిత్ర పాఠం. నేను బోర్డు ముట్టుకోలేదు."

"ఎలా వచ్చాయండీ?"

ఆయన కాగితాలు బల్ల మీద పడేశాడు. ఇరవై నాలుగు. పరచడానికి సెత్సుకో చెయ్యి చాచింది, అంతకంటే ముందే ఆయన మొదలుపెట్టాడు. పదహారు మంది ఒకే చోట తీశారు. పాఠంలోది కాదు. మూలలో ఇసోబె రాసిన రేపటి వంట తరగతి సామాను: ముల్లంగి, సూపులోకి మిసో ముద్ద, ఏప్రను.

ఫుకామి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇసోబె గారూ, వేరే బళ్ళవాళ్ళు ముల్లంగి కోసమా మీ బోర్డు చూడ్డానికి వచ్చేది!"

ఇసోబె నవ్వలేదు. మిగిలిన ఎనిమిది కాగితాలు చేతిలో పట్టుకుని ఒక్కొక్కటే దగ్గరగా చూస్తున్నాడు. "ఈ పిల్ల చూశారా, ఈ బాణం గుర్తు ఒక్కటే తీసింది. ఇది నేను ఊరికే గీశాను. ఎందుకు తీసిందంటారు?"

"అడగండి," అంది సెత్సుకో.

"అడగాలి," అన్నాడు. కాగితాలు బల్ల మీద పెట్టి, "ముద్ర వేసి పైకి పంపించా. సంచికలో ఏం రాయాలో నేను చూసుకుంటా. కానీ వచ్చే ఏడాది సంచిక పని మీకివ్వను. ప్రధానోపాధ్యాయుడు ఒప్పుకోలేదు, నేనూ గట్టిగా అడగలేదు. అది మీకు తెలియాలి."

"తెలిసిందండీ."

బాధ కలిగింది. ఎనిమిదేళ్ళు ఆ సంచికకి రాసింది. బాధని దాచుకోలేదు, వెనక్కీ తగ్గలేదు.

శనివారం నలుగురు పరీక్షకులు. పోర్ట్‌ఫోలియో చూపించే ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. సెత్సుకో తెర మీద ఇరవై ఏడు ఫోటోలు పెట్టింది. మొదటి పదినిమిషాలు కాగితం చూసి చదివింది. తర్వాత పరీక్షకుల్లో ఇద్దరు తమలో తామే వాదించుకోవడం మొదలుపెట్టారు.

"ఇరవై ఏడు ఫోటోలతో ఏం తేలుతుంది? అసలు పిల్ల అలాంటి ప్రశ్న దానంతటదే అడుగుతుందా? టీచరే అందించి ఉంటుంది."

"అందించినా తప్పేముంది? అందించడం కూడా పద్ధతేగా. పుస్తకాల్లో దానికో పేరుంది..."

"ఆ పేరు ఆమె వాడలేదు."

"వాడాల్సింది."

ఆమె అక్కడ లేనట్టే మాట్లాడుకుంటున్నారు. మూడు నెలల కిందట అయితే ఆమె తల వంచుకుని, తర్వాత ఆ పేరు వెతికి ఎక్కడో ఇరికించి ఉండేది.

"నన్నడగండి," అంది సెత్సుకో.

ఇద్దరూ ఆగారు.

"నేను అందించలేదు. అంతకు ముందు ఆ పిల్ల చేసిన తీసివేత చూసి నేను కంగారుపడ్డాను. నా అంకెలు తప్పని అది బయటపెడుతుందని కంగారు. అందుకే తుడిచాను, ప్రశ్న కూడా దాంతోపాటే పోయింది. ఇరవై ఏడు ఫోటోలతో పెద్ద సంగతులు ఏవీ తేలవు, నేను తేల్చలేదు. పిల్లలు ఒక్క ఫోటోనే తీసుకోగలిగినప్పుడు, నా క్లాసులో సూత్రాన్ని ముగ్గురు తీసుకుంటే, జవాబు తెలీని ప్రశ్నని పదకొండు మంది తీసుకున్నారు. అది నాకు తెలిసింది. ఎప్పుడూ అంతేనా? ఇసోబె గారి క్లాసులో ముల్లంగి తీసుకున్నారు. ఎందుకు? అది నాకు తెలీదు. తెలుసుకోవాలనుంది."

మొదటాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ముల్లంగా?"

"ముల్లంగేనండీ. ఇరవై నాలుగులో పదహారు మంది."

"చూపించండి."

ఇరవై నిమిషాలైందని గంట మోగింది. వెనక కూర్చున్న నివా చెయ్యెత్తి గంట కొట్టే అతన్ని ఆగమంది. తర్వాత నిలబడాల్సినవాళ్ళు బయట నడవాలో బెంచీల మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నారు. లోపల సెత్సుకో ఇసోబె ఫోటోలు తెరిచింది. పరీక్షకులు నలుగురూ కుర్చీలు వదిలి తెర దగ్గరికొచ్చి, ఒకరి భుజం మీదనుంచి ఒకరు తొంగి చూస్తున్నారు. పట్టా సంగతి సాయంత్రం చెప్పారు: ఆమోదం, ముల్లంగి పేజీ కూడా కలిపి పెట్టాలన్న షరతుతో. ఆ మాట వినేసరికే సెత్సుకో ఆ పేజీ సగం రాసేసి ఉంది.